మౌనంగా అనుకోవలసిన మాటలు

"తల కదపకండి. పెదవులు కదపకండి. అక్షరం వినగానే, ఆ అక్షరంతో మొదలయ్యే మాటలు మనసులోనే అనుకోండి," అని చెవిలో ఎవరో చెబుతున్నారు. ఎవరో ఏమిటి, తనే. పోయిన వారం మెట్లకింద సామాన్ల గదిలో తలుపేసుకుని, చప్పుడు రాకుండా నెత్తిన దుప్పటి కప్పుకుని మరీ రికార్డు చేసిన గొంతు. అప్పుడు విన్నప్పుడు మెత్తగా, భరోసాగా, భేషుగ్గా ఉందనిపించింది. ఇప్పుడు తలని ప్లాస్టిక్ పంజరంలో బిగించి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, వాటికి అటూ ఇటూ స్పాంజి ముక్కలు కుక్కి, ముక్కుకి జానెడు దూరంలో స్కానరు గొట్టం పైకప్పు కనిపిస్తుండగా వింటుంటే, అబ్బ, ఎంత పెత్తనం ఆ గొంతులో! ఇన్నేళ్ళలో ఎంతమందిని ఇలా పడుకోబెట్టింది డాక్టరమ్మ! "ఏం కాదమ్మా, కళ్ళు మూసుకుంటే అయిపోతుంది" అని చెప్పేసి, అద్దానికి అవతల కుర్చీలో కూర్చుని కాఫీ తాగింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? కుడిచేతిలో రబ్బరు బుడ్డి ఉంది, బీపీ మిషనుకి ఉంటుందే, అలాంటిది. ఇబ్బందైతే నొక్కాలి. నొక్కితే అవతల గంట మోగుతుంది, బల్ల బయటికొచ్చేస్తుంది. నాకెందుకులే ఇది అనుకుంటూనే పట్టుకుంది. ఈ యంత్రం తనకి సొంత వంటిల్లు, ఎక్కడ ఏ గిన్నె ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అయినా టెక్నీషియనమ్మ వేళ్ళు విడదీసి మరీ బుడ్డిని చేతిలో పెట్టి మూసింది.

అసలీ తంటా అంతా బస్టాండు మనిషి వల్ల వచ్చింది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పడం అతని ఉద్యోగం, ఏళ్ళ తరబడి అదే పని. ఒకరోజు మైకు పట్టుకుని, "అదిగో, అది వచ్చింది, అది ఎక్కేవాళ్ళు అక్కడికెళ్ళండి" అన్నాడట. జనం నవ్వారు, తనూ నవ్వాడు. మర్నాడు చెప్పుల్ని అది అన్నాడు, చెంచాని అది అన్నాడు, కట్టుకున్నదాన్ని పేరు పెట్టి పిలవబోయి "ఇదిగో, అదీ" అన్నాడు. అప్పుడు ఆగింది ఇంట్లో నవ్వు. మెదడులో ఎడమవైపు, మాటలు పుట్టే చోటికి ఆనుకుని నిమ్మకాయంత గడ్డ. రేపు పొద్దున అతనికి స్కాను, ఎల్లుండి సర్జను కోస్తాడు. ఎక్కడిదాకా కోయొచ్చో, ఎక్కడ ఆగాలో వీళ్ళే చూసి చెప్పాలి. ఇటు కాస్త జరిగితే మాట పోతుంది, అటు కాస్త జరిగితే గడ్డ మిగిలిపోతుంది. అందుకని మనిషి చేత మాటలు అనుకోమంటారు, అనుకుంటున్నప్పుడు రక్తం ఎక్కడికి పరుగెడుతుందో ఆ చోటు తెర మీద వెలుగుతుంది. ఇక్కడున్న పరీక్ష అంతా ఇంగ్లిషు అక్షరాలతో. 'ఎఫ్' అక్షరంతో మాటలు అనుకో నాయనా అంటే, అతను 'ఫ్యాను' అని, ఆనక నెత్తిమీద తిరుగుతున్న ఫ్యానుకేసి చూస్తూ కూర్చున్నాడు, పాపం. అప్పుడు డాక్టరమ్మే నోరు జారింది, "తెలుగులో చేద్దాం సార్" అని. పక్కనున్న తొందరబాబు, అంటే ఆమెతోపాటు మెదడు స్కాన్లు చదవడంలో ఈ ఫెలోషిప్ చేస్తున్న కుర్ర డాక్టరు, ఊరుకుంటాడా! "బండి ఱ పెట్టండి మేడమ్, ఱంపం తర్వాత ఏమంటాడో చూద్దాం" అన్నాడు. వీళ్ళిద్దరికీ పని నేర్పే పెద్దసారు నవ్వలేదు. "బాగానే ఉంది, కానీ జబ్బు లేని మెదడు మీద ముందు పనిచెయ్యాలి కదా. ఎవరు పడుకుంటారు?" అన్నాడు. అన్నవాళ్ళే పడుకుంటారు, ఇంకెవరు!

అక్షరాలకి ముందు మామూలు బొమ్మలు తీశారు. డబడబా దరువేసి యంత్రం కాస్త ఊపిరి పీల్చుకోగానే పెద్దసారు గొంతు మైకులోంచి వచ్చింది. "విశేషమేమీ లేదమ్మా. మెదడు కడిగిన ముత్యంలా ఉంది." వెనకాల తొందరబాబు, "ఉందని తేలింది, అదే పదివేలు" అనడమూ వినిపించింది. కళ్ళకి ఎగువన బిగించిన చిన్న అద్దంలో వాళ్ళ గది కిటికీ కనబడుతోంది, అందులో ముగ్గురూ అగ్గిపెట్టెలో బొమ్మల్లా ఉన్నారు. నవ్వు వచ్చింది, నవ్వితే తల కదులుతుందని ఆపుకుంది. విశేషమేమీ లేదు. రోజుకి ఎన్నిసార్లు అంటుంది తనీ మాట! రిపోర్టులో ఇంతకన్నా మంచిమాట లేదు, విశేషం లేకపోతే మనిషి బతికిపోయినట్టే. అదే మాట పిన్ని నోట్లో పడితే తిరగబడుతుంది. "ఏమే, ఏమైనా విశేషమా?" అని, ఫోనెత్తగానే, ఎలా ఉన్నావే అని అడక్కముందే. "విశేషమేమీ లేదు పిన్నీ" అంటే అవతల నిట్టూర్పు. ఒకే మాట, అక్కడ వరం, ఇక్కడ శాపం. పిన్ని కూడా ఈ మధ్య అడగడం మానేసింది. మానేశాక తెలిసింది, అడిగితేనే కాస్త నయమని.

"అక్షరం, క," అంది రికార్డు గొంతు. కుర్చీ, కిటికీ, కత్తెర, కాగితం, కాకి, కోతి, కొండ, కోపం. బాగానే వస్తున్నాయే, పళ్ళెంలో బఠాణీల్లా దొర్లుకుంటూ. కందిరీగ, కంచం, కునుకు, కుంటిసాకు, కోడలు, కొడుకు, కడవ, కడుపు. కడుపు. కడుపు. అదేమిటి, గీతపడ్డ రికార్డు మీద సూదిలా అక్కడే ఆగిపోయింది! కడుపు తర్వాత ఇంకో మాట లేదా భాషలో? కలం, కాలువ, కాలు, కాలం, కడుపు. ఛీ, మళ్ళీనా. "విశ్రాంతి. ఎదురుగా ఉన్న చుక్కను చూడండి. ఏమీ ఆలోచించకండి." ఆ చివరి ముక్క రాసిన మహాతల్లిని తన్నాలి. ఏమీ ఆలోచించకుండా ఉండడం ఎవరి తరం! చుక్క నల్లగా ఉంది. చుక్క గుండ్రంగా ఉంది. ఇంకో తెర మీద, ఇంకో గదిలో, తెల్లటి వల మధ్య నల్లటి చుక్క.

అది చూసింది మూడేళ్ళ కిందట. అప్పుడు కడుపు స్కాన్లు చేసేది డాక్టరమ్మ, పొద్దున్నుంచీ సాయంత్రందాకా ఒకరి తర్వాత ఒకరు గర్భిణులు. ఇదిగో చెయ్యి, ఇదిగో కాలు, ఇదిగో వినండి గుండె, రైలింజను లాగా. తనకి మొదటిసారి నిలిచినప్పుడు మాత్రం స్నేహితురాలి దగ్గరికి వెళ్ళింది, పద్ధతి ప్రకారం. అప్పటికే ఊరూవాడా చెప్పేశారు. అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు, పిన్ని సంగతి చెప్పనే అక్కర్లేదు. అది పోయింది. పోయిన బాధ ఒక ఎత్తు, పోయిందని చెప్పుకోవడం ఇంకో ఎత్తు. ఉందని చెప్పడానికి ఒక్క ఫోను చాలింది, లేదని చెప్పడానికి ఇంటింటికీ ఒక ఫోను కావలసి వచ్చింది. ప్రతివాళ్ళూ "అయ్యో" అనేవాళ్ళు, ప్రతివాళ్ళనీ తనే ఓదార్చేది. అందుకని రెండోసారి ఎవరికీ చెప్పలేదు. భర్తకి చెప్పింది, అతను "ఇంకెవరికీ వద్దు" అన్నాడు. భోజనాల వేళ, పేషెంట్లు లేనప్పుడు, గదికి గడియ పెట్టుకుని, తనే బల్ల మీద పడుకుని, తనే జెల్లు రాసుకుని, తనే తెర తన వైపు తిప్పుకుని చూసుకుంది. ఇలాంటి పని ఇంకెవరైనా చేస్తారా? వంటవాడు రుచి చూసినంత అలవాటుగా చేసింది. రైలింజను లేదు. తెల్లటి వల, నల్లటి చుక్క, చుక్కలో ఉండాల్సిన మిణుకు లేదు. ఇలా కాదు అలా, అలా కాదు ఇలా అని ఎంతసేపు తిప్పిందో. అప్పుడు జెల్లు తుడుచుకుని, గడియ తీసి, తర్వాతి మనిషిని పిలిచింది. ఆ వచ్చినావిడకి గుండె వినిపించింది కూడా. ఆమె సంతోషం పట్టలేక డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత ఇక కడుపుల వైపు చూడలేకపోయింది. మెదళ్ళు నయం అనుకుంది. మెదళ్ళలో ఎవరూ పుట్టరు.

"అక్షరం, మ." మంచం, మబ్బు, మేక, మొగ్గ, మూత, మిరపకాయ, మెట్టు, మైకు. మావయ్య, మరదలు, మేనత్త, ముసలమ్మ. మెదడు, మతిమరుపు, మందు, మాత్ర, మూర్ఛ. మాట, మౌనం, మొండి, మొగుడు. మొగుడు పాపం మంచివాడే, వంతెనలు కట్టే ఇంజనీరు, ఏ మాటైనా ఎంత బరువు మోస్తుందో చూసుకుని గానీ అడుగెయ్యడు. తనకేమో తెర మీద ఎడమ కనిపిస్తే అది మనిషి కుడి అని చదివి చదివి, రోడ్డు మీద కూడా అదే అలవాటైపోయింది. కుడికి తిప్పు అంటుంది, చెయ్యి ఎడమకి చూపిస్తుంది. "నీ నోటిని నమ్మాలా, చేతిని నమ్మాలా?" అంటాడు. "చేతినే నమ్ము" అంటుంది. మొన్నామధ్య మాత్రం నవ్వలేదు. మనం ఇంకోసారి ప్రయత్నిద్దామా అని తనే అడిగింది, నోటితోనే. "నీ చదువు అయిపోనీ" అన్నాడు అతను. ప్రయత్నించలేదు. ప్రయత్నించకపోవడానికీ, అసలేమీ జరక్కపోవడానికీ తేడా ఉందిగా మరి, కాపురమన్నాక. మామిడి, ముంగిస, మూట, ముడి, మూడు, మూడో, మూడోది. "విశ్రాంతి" అంది గొంతు. బతికించావు తల్లీ.

విశ్రాంతట, విశ్రాంతి! ఈ ఫెలోషిప్‌లో చేరిన మొదటి రోజున పెద్దసారు ఇద్దరినీ తెర ముందు కూర్చోబెట్టి అన్నాడు, "ఈ ఏడాది మీకు పెళ్ళీ పేరంటం, చావూ పుట్టుకా ఏమీ లేవు. ఉన్నదల్లా ఇదే." తెర చూపించాడు. కోపంగా కాదు, వంటలో ఉప్పెంతో చెప్పినట్టు చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎంత బాగుండేది, తిట్టుకుని తిరిగేది. తను చదివే ప్రతి బొమ్మా పక్కన కూర్చుని మళ్ళీ చదువుతాడు, ఒక గడ్డ దొరికిందని సంబరపడి ఆగిపోవద్దు, రెండోది ఎప్పుడూ మొదటిదాని వెనకే దాక్కుంటుంది అంటాడు. ఏడాదికి ఇద్దరికే చోటు. అందులో ఒకటి మధ్యలో ఖాళీ అయితేనే డాక్టరమ్మకి దొరికింది. ఎందుకు ఖాళీ అయిందయ్యా అంటే ముందున్నావిడకి నెలలు నిండుతున్నాయట, రాత్రి పిలుపులకి రాలేకపోయిందట, తనే మానుకుందట. మానుకుందో, మానిపించారో, అడగలేదు. ఆ కుర్చీలోనే కూర్చుంది, ఆవిడ వదిలేసిపోయిన మెత్త వీపుకి ఆనించుకుని. ఇంక కొన్ని నెలలు ఓపిక పడితే చేతికో పట్టా, పేరుకో గౌరవం, ఇంకెప్పుడూ కడుపు స్కాను చెయ్యనక్కర్లేని బతుకు. దానికోసమే కదా, ముప్పయ్యారేళ్ళు వచ్చాక, తనకన్నా చిన్నవాళ్ళ ముందు తప్పులు దిద్దించుకుంటూ పడి ఉంది.

"అక్షరం, న." నక్క, నీడ, నిప్పు, నూలు, నేల, నిచ్చెన, నత్త, నాన్న, నిద్ర, నలత. నీరసం. నీరసంగా ఉంటోంది ఈ మధ్య, అవును. నిన్న మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగింది. నురగ, నూనె, నిమ్మకాయ, నోరు. నోట్లో నీళ్ళూరుతున్నాయి, పొద్దున చేతులకి రాసుకునే మందు వాసనకి లోపలిదంతా బయటికొచ్చేలా అనిపించింది, ఆస్పత్రిలో రోజూ పీల్చే వాసనే. నిన్న కూడా. మొన్న కూడానా? నాలుక, నడుము, నగ, నవ్వు, నెమలి, నెయ్యి, నెల. నెల. నెల ఎప్పుడు వచ్చింది? బస్టాండు మనిషి చేరక ముందు. ఎంత ముందు? రెండోది పోయాక లెక్క పెట్టుకోవడం మానేసింది, అదీ సరిగ్గా రావడం మానేసింది. వస్తే వచ్చింది, రాకపోతే పోయింది, ఎవడు చూడొచ్చాడు. అయినా ఇంత ఆలస్యం ఎప్పుడూ లేదు. నడిచి వస్తుంటే బ్యాగు పట్టీ రాసుకుని రొమ్ము నొప్పి పుట్టింది, తిట్టుకుని భుజం మార్చుకుంది. వంద బొమ్మల్లో ఆవగింజంత మచ్చ పట్టుకునే మనిషి! పక్కపక్కన పెట్టి ఉన్న ఇన్ని గుర్తులు చదవలేకపోయింది! చదవలేక కాదు, తెర తిప్పుకోలేదు, అంతే. న, న, న. నిజం. నెల తప్పింది. నీళ్ళోసుకున్నాను. నేను. నాకు. గొట్టం అంతా టకటకటకటక దరువు, ఎవరో నెత్తిన డబ్బా బోర్లించి కొడుతున్నట్టు, అయినా గుండె చప్పుడే పెద్దగా వినిపించింది. విశ్రాంతి, చుక్కను చూడండి.

ఉండు ఉండు. లోపలికి పంపేముందు అడుగుతారుగా, తప్పనిసరిగా అడిగి తీరాలిగా? అడిగింది టెక్నీషియనమ్మ, ఎందుకడగదు! "గుండెలో మిషనుందా, ఎముకల్లో ప్లేట్లున్నాయా, కంట్లో ఇనుపరజను పడిందా, పన్ను కట్టించుకున్నారా, గర్భంతో ఉన్నారా," అని తిరగలి తిప్పినట్టు తిప్పేసింది. డాక్టరమ్మ గడియారం విప్పుతూ, చెవి దిద్దులు తీస్తూ, మాట మాటకీ "లేదు, లేదు, లేదు" అనేసింది. రోజూ ఈ ప్రశ్నలు వేసేది తనే, అందుకే ఒక్కటీ వినలేదు. గుడిగంట కొట్టేవాడికి గంట వినిపిస్తుందా? పేషెంటయితే ఆగి ఆలోచించేది, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేది. అవసరముండి గర్భిణులు కూడా వస్తారు ఇందులోకి, "ఇందులో ఎక్స్‌రే లేదమ్మా, బిడ్డకి ఏమీ కాదు" అని తనే చెప్పింది ఎంతమందికో. నిజమే చెప్పింది, ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ అయినట్టు ఎక్కడా రాయలేదు. కానీ వాళ్ళు జబ్బు చేసి వచ్చినవాళ్ళు. ఊరికే పడుకునేవాళ్ళ సంగతి వేరు. "అనుమానమున్నా సరే పడుకోబెట్టొద్దు, మనకేం అవసరమని?" అన్నాడు పెద్దసారు, ఎన్నిసార్లో. ఏమీ కాదు. తెలుసు. ఏమీ కాదని మొదటిసారీ అన్నారు. మెట్లెక్కినందుకు కాదు, బరువెత్తినందుకు కాదు, నీ తప్పేం లేదు అన్నారు. ఎవరెన్ని చెప్పినా రాత్రిళ్ళు ఎక్కిన మెట్లన్నీ తిరిగి లెక్కపెట్టుకుంది. ఇప్పుడు గనక ఇదీ పోతే ఈ దరువు జన్మంతా చెవిలో మోగుతూనే ఉంటుంది.

నొక్కేస్తే? నొక్కితే ముగ్గురూ పరుగెత్తుకొస్తారు. ఎందుకు నొక్కావంటే ఏం చెబుతుంది? చెబితే ఇక దాచేది లేదు. ఇంకా పరీక్షయినా చేసుకోని దాన్ని, మొగుడికైనా తెలియని దాన్ని, పెద్దసారుకీ తొందరబాబుకీ చెప్పాలి. సాయంత్రానికి ఆస్పత్రంతా "అయ్యో కూర్చోండి మేడమ్" అంటుంది. తీరా నాలుగు రోజుల్లో ఏమీ లేదని తేలితే, లేక ఉన్నది పోతే, మళ్ళీ మొదలు, ఇంటింటికీ ఫోను, గదిగదికీ మొహం. నొక్కకపోతే? ఇంకొక్క అక్షరం మిగిలింది, పళ్ళ బిగువున ఓర్చుకుంటే అయిపోతుంది, రేపు బస్టాండు మనిషికి పరీక్ష సిద్ధం, కుర్చీ భద్రం, మాట భద్రం. మధ్యలో ఆపితే తీసిన బొమ్మలు చెత్తబుట్టకే, స్కానరు ఈ ఒక్క గంటే ఖాళీ. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే కాబోలు, అటు జరిగితే అటు, ఇటు జరిగితే ఇటు. కాళ్ళూ చేతులూ ఆడట్లేదు అంటారే భయపడ్డవాళ్ళు, తనకి ఆడించే వీలే లేదు. ఏడుపు వచ్చింది. వెల్లకిలా పడుకుంటే కన్నీళ్ళు చెంపల మీదికి రావు, సూటిగా చెవుల్లోకి పోతాయి, ఆ సంగతి ఎంతమంది పేషెంట్లకి తెలుసో. హెడ్‌ఫోను మెత్త తడిసింది. అద్దంలో పెద్దసారు తెరకేసి వంగి వేలితో ఏదో చూపిస్తున్నాడు. మాటలు వెలుగుతున్నాయేమో ఎడమవైపు. ఎన్ని మాటలో వెలుగుతాయి, ఏ మాటో మాత్రం కనిపించదు. అదొక్కటే ఈ యంత్రంలో దయ.

"అక్షరం, ప." పలక, పావురం, పెట్టె, పీట, పొగ, పువ్వు, పాము, పంజరం. ఇంకెటూ పోవద్దు, సామాన్లలోనే తిరుగు. పళ్ళెం, పెనం, పటకారు, పార. పంట, పొలం. పొట్ట. వద్దు. పెన్సిలు, పుస్తకం, పంతులు, పరీక్ష, ప్యాసు. పరుగు, పిరికి, పిరికిదానా. పాలు, పసుపు, పురుడు, పొత్తిళ్ళు, పసి, పాప. ఎన్నున్నాయే నీకు, ఎన్ని దాచుకున్నావే! అన్నీ ఒకదాని వేలు ఒకటి పట్టుకుని బడి వదిలినట్టు వచ్చేస్తున్నాయి. పేరు. పేరు కూడా అనుకుంది ఒకప్పుడు, ఎవరికీ చెప్పలేదు, అదీ ప తోనే. పోయింది, పోతుంది, పోనీ, పోనివ్వను. పోనివ్వకుండా ఆపడం తన చేతిలో లేదు, రెండుసార్లూ లేదు, ఇప్పుడూ లేదు. ఈ గొట్టంలోంచి లేచి రావడం ఒక్కటే ఉంది. చేతినే నమ్ము అంటుంది కదా ఎప్పుడూ. నొక్కింది. చెయ్యి ముందు నొక్కింది, తర్వాత తను నొక్కింది, మళ్ళీ నొక్కింది, పూర్తిగా అణిగిపోయేదాకా.

దరువు మధ్యలో తెగింది. బల్ల జరజరా బయటికి జారింది. లైటు కళ్ళల్లో పడింది. టెక్నీషియనమ్మ పంజరం విప్పి, "ఏమైంది మేడమ్, ఊపిరాడలేదా? కళ్ళు చూడండి ఎలా అయిపోయాయో!" అంటూ స్పాంజి ముక్కలు లాగేస్తోంది. పెద్దసారు జేబులో ఫోను గుర్తొచ్చి గుమ్మంలోనే ఆగి, దాన్ని అయస్కాంతానికి దూరంగా తొందరబాబు చేతిలో పెట్టి లోపలికొచ్చాడు. "భయమేసిందా? వేస్తుందమ్మా, ఎంతటివాళ్ళకైనా వేస్తుంది. మొదటిసారి పడుకున్నప్పుడు నేనూ అరిచాను. ఎవరికీ చెప్పకేం," అన్నాడు. పాపం, మనిషి ఎంత మంచి అబద్ధం తెచ్చి చేతికిచ్చాడో! అవును సార్, భయమేసింది, అంటే చాలు. కాసిన్ని మంచినీళ్ళు తాగి, వారం రోజులు తొందరబాబు చేత ఎగతాళి చేయించుకుని, ఊరుకుంటే సరి. డాక్టరమ్మ లేచి కూర్చుంది. ఇందాకటి నుంచీ మాటలన్నీ మనసులోనే, ఇదొక్కటి పైకి అనాలి.

"భయం కాదు సార్. నెల తప్పింది. అనుమానం," అంది.

 స్కానరు వెనకాల చల్లబరిచే పంపు కిచకిచమంటోంది. టెక్నీషియనమ్మ మొహం తెల్లబోయింది. "అడిగానండీ! మొదటే అడిగాను కదండీ!"

"అడిగారమ్మా. నేనే వినలేదు. మీ తప్పేం లేదు."

"టెస్టు చేసుకున్నావా?" అన్నాడు పెద్దసారు.

"లేదు సార్. లోపల ఉండగానే తట్టింది."

"అనుమానానికే..." అని ఆగి, బట్టతల రుద్దుకున్నాడు. "ఒక్క అక్షరమే కదమ్మా మిగిలింది. కాస్త ఓర్చుకుంటే అయిపోయేది."

"ఓర్చుకునేదాన్నే సార్, నా ఒక్కదాని సంగతే అయితే."

 ఆయన బల్లకేసి ఓసారి చూసి, గుమ్మం వైపు తిరిగి, "ఏమయ్యా, నువ్వు బెల్టు తీసి రా. మొదటి నుంచీ చేద్దాం," అన్నాడు. తొందరబాబు ఒక్క జోకూ వెయ్యకుండా బెల్టు తీస్తూ వచ్చాడు, ఆమె దిగడానికి చెయ్యి అందించబోయి, అందించొచ్చో లేదో తెలియక వెనక్కి తీసుకున్నాడు. అతన్ని టెక్నీషియనమ్మ ఒక్కొక్క ప్రశ్నా ఆగి ఆగి, సమాధానం వచ్చేదాకా మొహంలోకి చూస్తూ అడిగింది. డాక్టరమ్మ గోడకానుకుని దిద్దులు పెట్టుకుంటుంటే పెద్దసారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"చూడమ్మా, నీ మంచికే చెబుతున్నా. ఇంటికెళ్ళి పడుకో. రేపు బస్టాండతన్ని మేం చూసుకుంటాం. నీకు ముందున్నావిడ కూడా ఇలాగే, వస్తాను వస్తాను అంటూనే..." మిగతాది చెయ్యి ఊపి చెప్పాడు. కోపం లేదు ఆయన మొహంలో, జాలి ఉంది. జాలితోనే తలుపు వేసేస్తున్నాడు. ఆవిడకీ ఇంత మెత్తగానే వేసి ఉంటాడని డాక్టరమ్మకి అప్పుడు తెలిసింది.

"మీరు చూసుకోలేరు సార్," అంది. "స్కానరు గదిలోకి రాను. అద్దం అవతలే కూర్చుంటాను. అక్షరాలు నావి. ఏ మాటలు అనుకున్నాడో బయటికొచ్చాక అతన్ని అడగాల్సింది నేను. నాతోనే అతను సిగ్గుపడకుండా మాట్లాడతాడు."

"అది సరేనమ్మా. నాకు రేపు పొద్దున మనిషి కావాలి. ఏదో ఒకటి కచ్చితంగా చెప్పు. వస్తావా?"

"వస్తాం సార్."

పెద్దసారు తల ఊపి, తొందరబాబు తల పంజరంలో సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి వంగాడు. ఆయనకి వినిపించిందో లేదో. టెక్నీషియనమ్మ మాత్రం స్పాంజి ముక్క చేతిలో అలాగే పట్టుకుని ఇటు తిరిగి చూసింది. రేపటికి కాకపోతే ఎల్లుండికి 'వస్తాం' అన్న మాటలోని ఆ ఇద్దరిలో ఒకరు తగ్గిపోవచ్చు. ఆ సంగతి ఆ గదిలో అందరికన్నా డాక్టరమ్మకే బాగా తెలుసు. తెలిసే అంది.